‘డ్రంక్ ట్యాంక్’ని తెలుగులో ఏమందాం?

గుంపులోని పెద్దలకు, పిల్లలకు నమస్కారం. ఒక్క మాట దగ్గర వారం రోజులుగా ఆగిపోయాను. ఇక నా వల్ల కాక మీ మీద పడేస్తున్నాను.

మా మేనల్లుడు ఐర్లండ్‌లో, లిమరిక్‌లో చదువుకుంటున్నాడు. డిసెంబరు వస్తే చాలు, అక్కడ షాపుల్లో, బస్సుల్లో, క్షవరం చేసే కొట్లో కూడా ఒకటే పాటట. "అత్తా, క్రిస్మస్ పాట అన్నారు. తీరా వింటే ఆడామగా తాగి తిట్టుకుంటున్నారు. ఇదేం పండగ పాట?" అంటూ వీడియో పంపాడు. ద పోగ్స్ బ్యాండు గాయని కర్స్టీ మెకాల్‌తో కలిసి 1987 నవంబరులో విడుదల చేసిన ‘ఫెయిరీటేల్ ఆఫ్ న్యూయార్క్’ అది. పోగ్స్ లండన్‌లో పుట్టిన పంక్ బ్యాండు, పంక్ అంటే గోలగా, గరుకుగా ఉండే ఒక రకం రాక్ సంగీతం. పంక్ వాళ్ల దూకుడుతో ఐరిష్ జానపదం వాయిస్తారు. గిటార్ పక్కనే టిన్ విజిల్, అకార్డియన్, బాంజో ఉంటాయి. పాట రాసింది బ్యాండు గాయకుడు షేన్ మెక్‌గోవన్, అతని తోటివాడు జెమ్ ఫైనర్. తాగుడు మీద వాళ్ల పాటలు చాలానే ఉన్నాయి. తాగింది దిగాక ఏం మిగులుతుందో చెప్పింది మాత్రం ఇందులోనే అని నాకనిపిస్తుంది.

వాడికి అర్థం చెబుదామని తెలుగులో రాయడం మొదలుపెట్టాను. మొదటి వాక్యంలోనే బండి ఆగిపోయింది. క్రిస్మస్ ముందు రాత్రి ఒకడు న్యూయార్క్ పోలీసుల ‘డ్రంక్ ట్యాంక్’లో పడి ఉంటాడు. పక్కన ఒక ముసలాయన, మళ్లీ క్రిస్మస్ చూస్తానో లేదో అంటూ పాత పాటొకటి అందుకుంటాడు. వీడు మొహం అటు తిప్పుకుని ఆమెను తలుచుకుంటాడు. తర్వాతదంతా ఆ తలపోతలే.

డ్రంక్ ట్యాంక్ అంటే తాగి రోడ్డున పడ్డవాళ్లను, గొడవ చేసినవాళ్లను పోలీసులు తెచ్చి, నిషా దిగేదాకా ఉంచే గది. అందరినీ కలిపి ఒకే గదిలో వేస్తారు. అమెరికా జైలు భాషలో ట్యాంక్ అంటే అలాంటి ఉమ్మడి గదే, నీళ్ల ట్యాంకుతో పని లేదు. నేను రాసి కొట్టేసినవి: తాగుబోతుల గది, మత్తు కొట్టు, నిషా ఖానా. ఏదీ నోట్లో నిలవలేదు. మీకేమైనా తడుతుందా?

గోదావరి గట్టు:
లాకప్పు అంటే సరిపోదా అండీ? పసిపిల్లాడికి కూడా తెలుసు. తెలుగు చేయడమంటే ప్రతిదానికీ కొత్త మాట పుట్టించడం కాదు కదా.

నేను:
సరిపోయేదేనండీ. కానీ లాకప్పు అనగానే మనకు కేసు, ఎఫ్.ఐ.ఆర్., బెయిలు గుర్తొస్తాయి. చిన్నప్పటి నుంచీ విన్న వార్తల వల్ల ఆ మాటలో దెబ్బలు కూడా వినపడతాయి. పాటలోవాణ్ణి తెల్లారాక వదిలేస్తారు. వాడు ఎదురుచూసేది న్యాయం కోసం కాదు, తల దిమ్ము తగ్గడం కోసం. ఆ తేడా రావాలి.

ఓరుగల్లు పోరడు:
అక్కా, ‘తాగుబోతుల కాంపౌండు’ అందామా? నలుగురూ ఒక్కచోట ఉన్నట్టు వస్తుంది.

నేను:
తమ్ముడూ, మీ వైపు కల్లు కాంపౌండు ఉందిగా! పట్టుకుపోయి తాగే చోటే కూర్చోబెట్టినట్టవుతుంది.

ఓరుగల్లు పోరడు:
నిజమే అక్కా. వాడికైతే అదే స్వర్గం.

విశాఖ మాష్టారు:
గది సంగతి తర్వాత చూద్దాం, ముందు ఆ గదిలో ఉన్నవాడి పేరు తేల్చండి. ‘తాగుబోతు’ అనే మాటను మనం తేలిగ్గా వాడేస్తున్నాం. తాగుబోతు, తిండిపోతు, తిరుగుబోతు, వదరుబోతు వరసగా పెట్టి చూడండి. ‘పోతు’ అంటే మగ జంతువు. దున్నపోతు, మేకపోతు అంటాం. తాగు పక్కన చేరేసరికి ప కాస్తా బ అయింది. అంటే ఆ మాట మనిషిని ముందే పశువుల్లో కలిపేసింది, పైగా మగపశువుల్లో. మరి ఆడమనిషి తాగితే? ‘తాగుబోతుది’ అని అతికించాలి. మేకపోతుకి ‘ది’ తగిలించినట్టుంటుంది.

మీ పాటలో ఆమె తక్కువ తిన్నదేం కాదు, అతనితో సమానంగా ఊగుతుంది, సమానంగా తిడుతుంది. అతను ఆమెను తిట్టే తిట్లలో మాదకద్రవ్యాల మాట కూడా ఉంది. తెలుగులో ఆ సమానత్వానికి మాట లేదు. నలభై ఏళ్లు పాఠం చెప్పాను, ఈ లోటు ఇప్పుడే గమనించాను. సిగ్గుగా ఉంది.

గోదావరి గట్టు:
మాష్టారూ, ‘తాగుబోతు’ అన్నప్పుడు ఎవరికీ పశువు గుర్తురాదండీ. మాట అరిగిపోయింది.

విశాఖ మాష్టారు:
అరిగిన నాణెం మీద కూడా బొమ్మ ఉంటుంది, పరీక్షగా చూడాలి.

నేను:
మాష్టారు అన్నది చదివాక ఇంకోటి తట్టింది. మన పేపర్లు డిసెంబరు 31 రాత్రి ‘మందుబాబులు’ అని రాస్తాయి. కారు ఆపి గొట్టంలో ఊదిస్తే మందుబాబు. అదే మనిషి సైకిలు మీద నుంచి పడితే తాగుబోతు. ‘బాబు’లో కాస్త ముద్దు, కాస్త ఎకసెక్కెం ఉన్నాయి. జేబులో డబ్బు కూడా ఉంది. పాటలోవాడు మందుబాబు కాడు. ఒకప్పుడు గుర్రప్పందెంలో ఒకటికి పద్దెనిమిది వచ్చి మురిసిపోయినవాడే, ఇప్పుడు ఏమీ లేదు.

‘మందు’ కూడా గడుసు మాట. జ్వరానికి మందు, పొలానికి పురుగుల మందు, తుపాకీలో మందు, వశం చేసుకోవడానికి పెట్టే మందు, సీసాలో మందు. అన్నిటికీ ఒకే మాట పెట్టిన పూర్వీకులు ఎగతాళికే పెట్టారో, నమ్మే పెట్టారో.

లిమరిక్ అల్లుడు:
అత్తా, నేనూ గుంపులో చేరిపోయాను. మాష్టారికి నమస్కారం. ఇక్కడ మా క్లాసువాడొకడు బడిలో ఐరిష్ నేర్చుకున్నాడు, వాణ్ణి అడిగి చెబుతున్నాను. విస్కీ అనే మాట ఐరిష్ ‘ఇష్క బాహ’ నుంచి వచ్చిందట. అంటే ప్రాణజలం. లాటిన్‌లో సన్యాసులు అన్నదాన్నే వీళ్లు తమ భాషలోకి మార్చుకున్నారు. మనం మందు అంటాం, వీళ్లు ప్రాణజలం అన్నారు. పెద్ద తేడా లేదు.

గోదావరి గట్టు:
బాబూ, మన దగ్గర ‘తీర్థం పుచ్చుకోవడం’ కూడా ఉంది. మా వీధిలో ఒకాయన సాయంత్రం ఆరు దాటితే "కాస్త తీర్థం పుచ్చుకుని వస్తా" అనేవారు. వాళ్లమ్మగారు చాలాకాలం గుడికే అనుకున్నారు.

లిమరిక్ అల్లుడు:
బ్యాండు పేరు కథ కూడా చెప్పాలి. 1982లో మొదలైనప్పుడు వాళ్ల పేరు ‘పోగ్ మహోన్’. ఇంగ్లీషువాళ్లకు అదేదో ఊరి పేరులా వినపడింది. ఐరిష్‌లో దానర్థం "నా పిర్ర ముద్దుపెట్టుకో" అని. ఐరిష్‌కి దగ్గరి భాష గేలిక్ తెలిసిన శ్రోతలు బీబీసీకి ఫిర్యాదు చేశాక పేరు తోక కోసేసి పోగ్స్ అయ్యారు. ఇప్పుడు మిగిలింది ‘ముద్దులు’ ఒక్కటే.

ఓరుగల్లు పోరడు:
ముద్దు ఉంచుకుని పిర్రను వదిలేశారు. బీబీసీకి దండం.

పలమనేరు పాతకాపు:
నాకొక అనుమానం. ఆ ముసలాయన లాకప్పులో పాడే పాట పేరులో ‘మౌంటెన్ డ్యూ’ అని ఉంది. మా మనవడు తాగే పచ్చ సీసా కూల్‌డ్రింకు కదా అది? క్రిస్మస్ రాత్రి తాగినవాడు కూల్‌డ్రింకు మీద పాట పాడడం ఏమిటి?

నేను:
మంచి అనుమానం, నేనూ అక్కడే కాలు జారాను. ‘కొండ మంచు’ అని రాసేసి, ఎంత కవిత్వం అనుకున్నాను. తర్వాత తెలిసింది, మౌంటెన్ డ్యూ అంటే కొండల్లో దొంగచాటుగా కాచిన సారా అని. ఎక్సైజువాళ్ల కంటపడకుండా రాత్రిపూట కాస్తారు, తెల్లారేసరికి మంచులా చుక్కచుక్కగా దిగి ఉంటుంది. ముసలాయన పాడేది ఆ సారాను పొగిడే పాత ఐరిష్ పాట. మీ మనవడి కూల్‌డ్రింకు 1940ల్లో అమెరికాలో, టెనెసీ రాష్ట్రంలో పుట్టింది. విస్కీలో కలుపుకోవడానికి తయారుచేసుకుని, సరదాగా సారా పేరు పెట్టారు. ఇప్పుడు పిల్లల పుట్టినరోజుల్లో పోస్తున్నాం.

తెలుగులో ‘నాటుసారా’ అనాలా, ‘గుడుంబా’ అనాలా? ఆంధ్రలో ఒకటి, తెలంగాణలో ఒకటి. రెండిట్లోనూ మంచు లేదు, బెల్లం వాసనే ఉంది. చివరికి ‘చుక్క’ దగ్గర ఆగాను. మనం ‘చుక్కేసుకోవడం’ అంటాం కదా. మంచుచుక్క, సారాచుక్క, ఆకాశంలో చుక్క, మూడూ అందులోనే ఇమిడిపోతాయి. ‘కొండచుక్క’ అంటే ఎలా ఉంటుంది?

ఓరుగల్లు పోరడు:
కొండచుక్క సూపర్ అక్కా. బెల్టుషాపులో కొత్త బ్రాండు అనుకుంటారు.

లిమరిక్ అల్లుడు:
ఆ కొండచుక్కకు ఇక్కడి పేరు పొచీన్. చిన్న కుండ అని అర్థం. 1661లో నిషేధించారు, 1997లో మళ్లీ చట్టబద్ధం చేశారు. మూడు వందల ఏళ్లకు పైగా దొంగ సరుకే. మా తాతయ్య కల్లును ముంతల్లో లెక్కపెట్టేవాడని నాన్న చెబుతారు. ఇక్కడా కుండ పేరే సారాకు అంటుకుంది.

నెల్లూరు నెరజాణ:
అందరూ చుక్కలూ ముంతలూ అని మురిసిపోతున్నారు. ఒక్క మాట చెప్పి పోతాను. మాది దూబగుంట పక్కన పల్లె. 1992లో సారాకు వ్యతిరేకంగా ఆడవాళ్లు రోడ్డెక్కినప్పుడు మా అమ్మ కొంగు పట్టుకుని నేనూ వెళ్లాను. సారా ప్యాకెట్లను కుప్ప పోసి తగలబెడుతుంటే వచ్చిన ఆ వాసన ఇంకా ముక్కులోనే ఉంది. 1993 అక్టోబరు 1 నుంచి సారా పోయింది. 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం వచ్చింది, రెండేళ్లకే సడలిపోయింది. అంతకుముందు ప్రభుత్వమే సారా సరఫరా చేయించిన పథకానికి ఏం పేరు పెట్టారో గుర్తుందా? ‘వారుణి వాహిని’. వారుణి అంటే సంస్కృతంలో మద్యం, మద్యానికి దేవత కూడా. ఇంట్లో బియ్యం లేకుండా చేసినదానికి అంత పూలపేరు! మాటలు అందంగా ఉంటే నాకు భయం వేస్తుంది.

విశాఖ మాష్టారు:
తల్లీ, మీరు చెప్పాక నా పశువు వాదం చిన్నబోయింది. తాగుబోతు అనే మాట కరకుగా ఉందని వాపోయాను. ఆ కరకుతనం తెచ్చింది మీ అమ్మగారి లాంటివాళ్లే కావచ్చు. భాషలో మెత్తటి మాటలన్నీ తాగేవాడివి. తీర్థం, చుక్క, మందు, కైపు, సేవించడం, పుచ్చుకోవడం. గట్టి మాటలు మాత్రం ఇంట్లో కూర్చుని ఎదురుచూసేవాళ్లవి.

నేను:
నెల్లూరు అక్కా, మీరు పోవద్దు. ఈ పాటలో మీ మాటకు చోటుంది. చివరి చరణంలో అతను, నేనూ ఎవరో ఒకణ్ణి అయ్యేవాణ్ణి అంటాడు. ఆమె వెంటనే, అలా ఎవరైనా అవుతారు అని కొట్టిపారేస్తుంది. నువ్వు నాకు కనపడ్డ రోజే నా కలలు లాక్కున్నావు అంటుంది. తాగేవాడి గొప్పలు వినీ వినీ విసిగిన ప్రతి ఇల్లాలి గొంతూ అది. అందుకే ఈ పాట నాకు పట్టింది.

తెలుగులో ఇక్కడ పెద్ద చిక్కేమీ రాలేదు, విచిత్రంగా. ఇంగ్లీషులో ‘సమ్‌వన్’ అన్న ఒక్క మాట మోసే బరువు మనకు ‘అంతటివాణ్ణి’లో దొరికేసింది. "నేనూ అంతటివాణ్ణి కావలసినవాణ్ణే." "ఆఁ, అందరూ కావలసినవాళ్లే." మా ఇంటి అరుగు మీద ఈ రెండు వాక్యాలూ వందసార్లు విన్నాను.

గోదావరి గట్టు:
"ఆఁ" చాలా బాగుందండీ. అనువాదమంతా ఆ ‘ఆఁ’లోనే ఉంది.

ఓరుగల్లు పోరడు:
అక్కా, మధ్యలో వచ్చే తిట్ల సంగతేంటి? అవి వదిలేస్తున్నారా?

నేను:
వదలను. ఇంగ్లండులోనే తేలని సంగతి అది. 2007 డిసెంబరులో బీబీసీ రేడియో 1 రెండు తిట్లను మూసేసి ప్రసారం చేసింది. ఒకటి ఆడదాన్ని దిగజార్చేది, ఒకటి స్వలింగ సంపర్కులను కించపరిచేది. వినేవాళ్లు గోల పెడితే అదే రోజు వెనక్కి తగ్గారు. పాట పాడిన కర్స్టీ మెకాల్ తల్లి కూడా ఊరుకోలేదు. కర్స్టీ అప్పటికి లేదు, 2000 డిసెంబరులో మెక్సికోలో సముద్రంలో ఉండగా మోటారు పడవ తగిలి పోయింది. 2020లో మళ్లీ రేడియో 1 మాట మార్చిన పాటను వేసింది. మెక్‌గోవన్ 2018లో, ఆమె మంచి మనిషని తాను అనలేదని, అలాంటి మనిషి అలాగే మాట్లాడుతుందని, మూసేస్తే మూసేసుకోండని అర్థం వచ్చేలా చెప్పాడు. నాకు ఆ జవాబు నచ్చింది. అయినా రెండో తిట్టును నేను తెలుగులో రాయను. మన దగ్గర దానికి సరిపడే మాటలు హిజ్రాల మీద పడతాయి, వాళ్లు ఈ పాటలో లేరు.

ఇంకో తిట్టు మాత్రం ఈ గుంపుకు పనికొస్తుంది. ఆ తిట్ల వరసలో ‘పంక్’ అనే మాటే ఉంది! పంక్ బ్యాండు పాటలో పంక్ ఒక తిట్టు. షేక్‌స్పియర్ కాలంలో ఆ మాటకు వేశ్య అని అర్థం. తర్వాత పనికిమాలినవాడు, చిల్లర రౌడీ అయింది. 1970ల్లో సంగీతం పేరైంది. తిట్టిన మాటనే నెత్తిన పెట్టుకున్నారు.

విశాఖ మాష్టారు:
‘పోరంబోకు’ అనండి. సరిగ్గా అతుకుతుంది. తమిళంలో పురంపోక్కు, అంటే పన్ను వేయకుండా బయట వదిలేసిన భూమి. రెవెన్యూ రికార్డుల్లో ఇప్పటికీ ఉంది. అక్కడి నుంచి మనిషి మీదకు ఎక్కింది. ఎవరి లెక్కలోనూ లేనివాడు, ఎవరికీ శిస్తు కట్టనివాడు. పంక్ రాకర్‌కి అంతకంటే మంచి బిరుదు ఏముంటుంది?

ఓరుగల్లు పోరడు:
పోరంబోకు రాక్. మాష్టారూ, బ్యాండు పెడదామా? డప్పు నేను చూసుకుంటా.

లిమరిక్ అల్లుడు:
మాష్టారు పాడితే ఇక్కడ టికెట్లు నేను అమ్ముతా.

వీడియో సంగతి ఎవరూ అడగలేదు, చెప్పేస్తున్నాను. 1987లో థాంక్స్‌గివింగ్ పండగ వారంలో న్యూయార్క్‌లో తీశారు, నలుపు తెలుపులో. దర్శకుడు పీటర్ డగర్టీ. మెక్‌గోవన్‌ని పట్టుకుని లోపలికి తోసే పోలీసు నిజానికి నటుడు మాట్ డిలన్. గట్టిగా పట్టుకోవడానికి మొహమాటపడ్డాడట. మొదట్లో పియానో వాయించే చేతులు చూపిస్తారు, వేళ్లకు ఉంగరాలతో. ఉంగరాలు మెక్‌గోవన్‌వి, చేతులు బ్యాండులోని జేమ్స్ ఫియర్న్‌లీవి. మెక్‌గోవన్‌కి పియానో వచ్చేది కాదు.

అసలు తమాషా పల్లవిలో ఉంది. న్యూయార్క్ పోలీసుల గాయకబృందం ‘గాల్వే బే’ అనే ఐరిష్ పాట పాడుతోంది అని పల్లవి. అలాంటి గాయకబృందమే లేదు. పోలీసుల బ్యాగ్‌పైపు మేళం ఉంది, వాళ్లను పిలిచారు. వాళ్లకు ‘గాల్వే బే’ రాదు. అందరికీ వచ్చిన పాట ఏదైనా ఉందా అంటే మిక్కీ మౌస్ క్లబ్ పాట వచ్చట! దాన్నే పాడించారు. వీడియోలో ఆ పెదాలు చూస్తే ఇప్పుడు నాకు మిక్కీ మౌసే వినపడుతోంది.

గోదావరి గట్టు:
మా ఊరి తిరునాళ్లలో సన్నాయి మేళం అడిగితే బ్యాండు మేళం వచ్చినట్టు. ఇంతకీ మనం వచ్చిన పని ఏమైంది? ట్యాంకు ఇంకా ఖాళీగానే ఉంది.

పలమనేరు పాతకాపు:
నేను పొద్దుటి నుంచీ చదువుతున్నా. మాష్టారు పోతు అన్నప్పుడే తట్టింది, పెద్దల మధ్య ఎందుకులే అని ఊరుకున్నా. మా వైపు ‘బందెలదొడ్డి’ ఉండేది. ఊరి చివర నాలుగు రాతిగోడలు, ఒక గేటు. పశువు కట్టు తెంపుకుని ఎవరి చేలోనో పడి మేస్తే, చేను గలాయన తోలుకొచ్చి బందెలదొడ్డిలో వేసేవాడు. దాని గలాయన వచ్చి బందె, అంటే జరిమానా, కట్టి విడిపించుకుపోవాలి. అందాకా అది అక్కడే. పక్కన ఎవరి ఎద్దో, ఎవరి గాడిదో ఉండేవి. మేతకూ నీళ్లకూ లెక్క వేసి వసూలు చేసేవాళ్లు. అది జైలు కాదు, నేరం కాదు. కట్టు తెంపుకున్న దోషం, అంతే.

చిన్నప్పుడు మా బర్రెను విడిపించడానికి నాన్నతో వెళ్లాను. మమ్మల్ని చూసి గోడ మీద తల పెట్టి అరిచింది. దారి పొడుగునా నాన్న దాన్ని తిడుతూనే ఉన్నాడు, దాని వీపు మీద చెయ్యి మాత్రం తీయలేదు.

డ్రంక్ ట్యాంక్ అంటే అది కాదా?

విశాఖ మాష్టారు:
కాపుగారూ, లేచి నిలబడి దండం పెడుతున్నాను. 1871 నాటి పశువుల చట్టం కింద ఊరూరా పెట్టిన దొడ్లవి. ఇంగ్లీషులో ఆ దొడ్డిని ‘పౌండ్’ అంటారు. ట్యాంక్ అన్నా పౌండ్ అన్నా, దిక్కూమొక్కూ తప్పినవాళ్లను ఒకచోట చేర్చి, ఎవరో ఒకరు వచ్చేదాకా ఉంచడమే కదా. పైగా నా పోతుకి తగిన దొడ్డి దొరికింది!

నెల్లూరు నెరజాణ:
బందె కట్టి విడిపించుకొచ్చేది ఎప్పుడూ ఇంటిది. ఈ మాటలో ఆమె కూడా ఉంది. నాకు సమ్మతమే.

గోదావరి గట్టు:
నాకో ఇబ్బంది ఉందండీ. ‘దొడ్డి’ అనగానే ఇప్పటి పిల్లలకు వేరే గుర్తొస్తుంది. పాట మొదటి వాక్యంలోనే నవ్వుతారు.

ఓరుగల్లు పోరడు:
నేను ఇప్పటికే నవ్వాను.

నేను:
నవ్వనీయండి. డ్రంక్ ట్యాంక్ వాసన కూడా అగరొత్తులదై ఉండదు. ‘బందెల’ ముందు ఉంటే పల్లె తెలిసినవాడికి పశువులదొడ్డి కనపడుతుంది, తెలియనివాడికి రెండోది. రెండూ నిజమే. ‘తాగుబోతుల’ అని చేర్చితే అది లాగుతూ పోతుంది. ‘తాగినోళ్ల’ చాలు, అందులో ఆడవాళ్లూ ఇముడుతారు, మాష్టారి లోటు కూడా కొంత తీరుతుంది. రాత్రి కూర్చుని మొదటి వాక్యం ఇలా రాసుకున్నాను:

"తెల్లారితే క్రిస్మస్, పిల్లా, తాగినోళ్ల బందెలదొడ్డిలో ఉన్నా."

లిమరిక్ అల్లుడు:
అత్తా, ఇప్పుడు పాట నాకు అర్థమైంది. కానీ ఇంగ్లీషు పాటలో ఉన్న ‘బేబ్’ని ‘పిల్లా’ అన్నావేంటి? వాళ్లిద్దరూ ముసలైపోయారు కదా ఈపాటికి?

గోదావరి గట్టు:
‘ఏమేవ్’ అనాలి. ముప్పై ఏళ్లు కాపురం చేసిన గొంతు అది.

ఓరుగల్లు పోరడు:
‘బంగారం’ అనండి అక్కా.

నెల్లూరు నెరజాణ:
బంగారం తాకట్టులో ఉంటుంది నాయనా. ‘ఒసే’ అను.

నేను:
‘బేబ్’ మీద కొట్లాటకు రేపు ఇంకో పోస్టు పెడతాను. ఇప్పుడు పాలు పొంగుతున్నాయి, ఉంటాను.